శాంతిమాత్రలను విడుచు క్రమము



నేను ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను, వైద్యుడను కాను. వైద్యుడు కానివాడు మందులమాట చెప్పుట తగునా యని మీరడుగవచ్చును. మందిచ్చుటనుగూర్చి చెప్పుటకు నాకధికారము లేదు. కాని ఒక మందును ఏడేండ్లు మ్రింగి, దానిని మొదట తప్పుదారిని విడువబోయి ప్రాణముమీదికి దెచ్చుకొని, పిమ్మట సరియైన దారిని విడిచినవాడను. ఆ అనుభవమును, దానికి శాస్త్రజ్ఞులు చెప్పు కారణములను మీకు విన్నవించుటకు మాత్రము అధికారము కలదని తలచుచున్నాను.

విషయములోనికి పోకముందే ఒక్కమాట. నా ప్రసంగమును విని, నేటిరాత్రినుండి మాత్రలు మానివేయుదమని యెవరును అనుకొనవలదు. ఇంటిలోని తల్లిదో తండ్రిదో మాత్రలపొట్లమును తీసి పాఱవేయవలదు. నేను చెప్పదలచిన సారమంతయు ఇదియే: ఈ మందులు విడువదగినవి కావచ్చును గాని, తటాలున విడువదగినవి మాత్రము కావు.

ఏ మందులనుగూర్చి చెప్పుచున్నానో స్పష్టముచేసెదను. మన పల్లెలలో వీనిని నిద్రబిళ్లలనియు, నరముల బిళ్లలనియు, టెన్షను మాత్రలనియు పిలుతురు. అల్ప్రాజోలం, క్లోనజిపాం, లోరజిపాం, డయాజిపాం అనునవి వీనిలో తఱచుగ వినబడు పేరులు. వ్యాపారమునకై పెట్టిన పేరు పెద్ద అక్షరములతో ఏదియున్నను, మాత్రలరేకుపై చిన్న అక్షరములతో ఇట్టి పేరొకటి ముద్రింపబడియుండును. మీ యింటి పిల్లలచేత చదివించి చూడుడు. ఇవన్నియు బెంజోడయాజిపీనులను ఒకే కుటుంబమునకు చెందినవి.

ఈ కుటుంబమునకు మూలపురుషుడు లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రవేత్త. ఆయన ఐరోపాఖండమున పుట్టి, క్రాకో నగరమున చదివి, 1941లో యుద్ధభయమున అమెరికా చేరి, న్యూజెర్సీ రాష్ట్రమునందలి నట్లీ పట్టణమున ఒక మందుల సంస్థలో పనిచేయుచుండెను. 1957లో ఆయన ప్రయోగశాలలోని బల్లలను సర్ది శుభ్రము చేయుచుండగా, ఎన్నడో తయారుచేసి, పరీక్షింపక మఱచిన పొడి యొకటి కనబడెను. దానిని పాఱవేయక పరీక్షకు పంపగా, అది జంతువుల యుద్రేకమును అణచి శాంతింపజేయునని తేలినది. అదియే 1960లో లిబ్రియం అను పేరున అంగళ్లకు వచ్చెను. 1963లో దానికి తమ్ముడు డయాజిపాం, వేలియం అను పేరున వచ్చెను. అంతకుముందు వాడుచుండిన బార్బిట్యురేటులను నిద్రమందులు కొంచెము మోతాదు మించినచో ఊపిరి నిలిపివేయునట్టివి. ఈ క్రొత్తవి అంతటి క్రూరమైనవి కాకపోవుటచే, లోకము వీనిని వరప్రసాదముగ నెంచినది. 1969 మొదలు 1982 వఱకు అమెరికా దేశమున విక్రయములలో వేలియము మొదటిస్థానమున నుండెననిన, దాని ప్రసిద్ధి ఎంతటిదో ఊహింపవచ్చును.

ఈ మందులను నేను నిందించుటలేదు. మూర్ఛ వచ్చి నిలువక కొట్టుకొనుచున్న పిల్లవానికి డయాజిపాం ప్రాణదానము చేయును. శస్త్రచికిత్సకు ముందు రోగి భయమును తీర్చును. గుండె జల్లుమని, ప్రాణము పోవుచున్నట్లు తల్లడిల్లువానికి కొన్నిదినములు ఊఱట నిచ్చును. చిక్కంతయు ఆ కొన్నిదినములు కొన్ని సంవత్సరములగుటలోనే యున్నది.

నాకు అట్లే అయినది. ఎనిమిదేండ్లకు పూర్వము నా యిల్లాలు కాలధర్మము నొందినది. పదునొకండవ దినము గడచి బంధువులందఱు వెడలిపోయిన పిమ్మట నాకు నిద్ర పోయినది. రాత్రి రెండు జాములు గడచినను కన్ను మూతపడదు. పట్టణమున వైద్యుని జూడగా, ఆయన అల్ప్రాజోలం పావుమిల్లీగ్రాము మాత్రలు రెండు వారములకు వ్రాసియిచ్చి, పిమ్మట మరల రమ్మనెను. నేను పోలేదు. మాత్ర వేసికొన్న రాత్రి నిద్ర వచ్చెను. ఇంక వైద్యునితో పనియేమి? అదే చీటీని ఒక మందుల దుకాణమున చూపితిని. కొంతకాలమునకు వారు చీటీ యడుగుటయు మానిరి. రెండవ సంవత్సరమున పావు చాలక అరమిల్లీగ్రామైనది. దుకాణమువారి తప్పు వారికున్నది గాని, చీటీపై రెండు వారములని వ్రాసియుండగా చదువనేర్చినవాడనై యుండియు ఏడేండ్లు చదువకపోయిన తప్పు నాది.

నాకు ఆ మాత్రపై కోపము వచ్చుటకు కారణము చెప్పెదను. కంఠస్థములైన శ్లోకములలో నడుమ పాదములు జాఱిపోవుచుండెను. తెల్లవాఱుజామున లేచినపుడు కాలు తూలి రెండుమాఱులు పెరటిలో పడితిని. వయసు మీఱినవారిలో ఈ మందులు జ్ఞాపకమును మందగింపజేయుననియు, తూలిపడుటను, తుంటియెముక విఱుగుటను హెచ్చించుననియు నేడు వైద్యులందఱును అంగీకరించిన విషయము. నాకు అంత తెలియదు. బడిలో ముప్పదినాలుగేండ్లు పిల్లలకు నిగ్రహము బోధించినవాడను ఒక చిన్న బిళ్లకు దాసుడనైతినే యను సిగ్గు మాత్రము తెలియును.

ఆ సమయముననే కాశీయాత్ర తటస్థించినది. కాశికి పోయినవారు తమకిష్టమైన కాయనో పండునో అచ్చట విడిచి వచ్చు ఆచారము మీరెఱిగినదే. నా బావమఱది వంకాయను విడిచెను. నేను మాత్రలపొట్లమును గంగలో విడిచితిని. ఎవరికిని చెప్పలేదు. మహత్కార్యము చేసినట్లు ఉప్పొంగితిని.

ఆ రాత్రి నిద్రలేదు. మఱుసటి దినమునుండి చేతులు వణకసాగెను, ఒడలెల్ల చెమటలు, గుడిగంట మ్రోగినచో తలలో సమ్మెటపోటు తగిలినట్లుండెను. మూడు రాత్రులు రెప్పవాల్చక గడిపితిని. నాలుగవ రాత్రి తిరుగుప్రయాణమున రైలుపెట్టెలో కూర్చుండియుండగా, చీకటిలోనుండి, తలుపు వెలుపలనుండి, నా యిల్లాలు నన్ను పిలుచుచున్నట్లు స్పష్టముగ వినబడెను. లేచి ఆ వైపునకు నడచితిని. తలుపు తెఱచియేయుండెను. బావమఱదికి మెలకువ వచ్చి, "బావగారూ, ఎక్కడికి?" అని నా ఉత్తరీయమును పట్టి వెనుకకు లాగెను. ఆ పిలుపు ఒక్క నిమిషము ఆలస్యమైయుండినచో నేడు మీతో మాటలాడుట కలుగదు.

ఊరు చేరినపిమ్మట నన్నొక ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయిరి. అచ్చటి వైద్యురాలు వయసున నా కూతురివంటిది. జరిగినదంతయు విని, మాత్రను మరల మొదలుపెట్టవలెననెను. నేను ఒప్పుకొనలేదు. "అమ్మా, కాశిలో విడిచినదానిని మరల నోట బెట్టుదునా? వ్రతభంగము కాదా?" అంటిని. ఆమె నవ్వలేదు. "మాస్టారు గారూ, మీరు బడిలో చేరిన దినముననే పిల్లవానిచేత కావ్యము చదివించితిరా?" అని యడిగెను. లేదంటిని. "ఓనమాలు, గుణింతములు, వత్తులు, పిమ్మట గదా వాచకము! మఱి మీ మెదడును మాత్రము ఏడేండ్లు నేర్చిన పాఠమును ఒక్కరాత్రిలో మఱవుమని యేల ఆజ్ఞాపించితిరి?" అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఆ పాఠమనగా నేమో చెప్పెదను. మన మెదడులో ఒక నరకణమునుండి మఱియొక నరకణమునకు వార్తలు మోయు రసాయనములు కలవు. కొన్ని "లెమ్ము, కదలుము" అని తొందరపెట్టునవి. కొన్ని "నిలువుము, శాంతింపుము" అని అణచునవి. అణచువానిలో ముఖ్యమైనదానికి గాబా యని పేరు. ఈ రెండు శక్తులును సరితూగుచుండుటచేతనే మనము మేలుకొనవలసినపుడు మేలుకొనుచు, నిద్రపోవలసినపుడు నిద్రపోవుచున్నాము. బెంజోడయాజిపీను గాబాకు తోడుపడి దాని బలమును పెంచును. కావుననే శాంతి, నిద్ర.

కావడి మోయువానిని చూచినచో తక్కినది బోధపడును. ముందు కుండయు వెనుక కుండయు సమముగ నున్నపుడు బద్ద నడిమిభాగము భుజముపై నుండును. ఎవడైనను వచ్చి వెనుక కుండలో ఒక రాయి వేసెననుకొందము. మోయువాడు పడిపోడు, బద్దను కొంచెము ముందునకు జరుపుకొని మరల సమముగ నడచును. మెదడును అంతే. ప్రతిదినము వచ్చి పడు మందునకు తగినట్లు తన తూకమును తానే సవరించుకొనును; గాబా మాటను మునుపటంత వినకుండును. అందుచేతనే కొంతకాలమునకు పావు చాలక అర కావలసివచ్చుట. ఇప్పుడు ఆ రాతిని ఎవడైన తటాలున లాగివేసినచో ఏమగును? బద్ద ముందునకు జరిగియేయున్నది; ముందు కుండ నేలకు గొట్టుకొనును. ముందు కుండ యనగా ఆ తొందరపెట్టు శక్తి. వణకు, చెమట, గుండెదడ, నిద్రలేమి, వెలుతురును శబ్దమును ఓర్వలేకపోవుట, లేనివి కనబడుట, వినబడుట, తుదకు మూర్ఛ. ఇవన్నియు ఆ కుండ పడిన చప్పుళ్లే. రాతికి బదులు గుప్పెడు గుప్పెడుగ ఇసుక తీసివేసినట్లు బరువు తగ్గించినచో, మోయువాడు బద్దను అంగుళమంగుళము వెనుకకు జరుపుకొనును. నీరొక చుక్క తొణకదు.

ఇది క్రొత్తగ తెలిసిన సంగతి కాదు. లిబ్రియము అంగడికి వచ్చిన మఱుసటి సంవత్సరముననే, అనగా 1961లో, అమెరికాలో లియో హోలిస్టర్ అను వైద్యుడును ఆయన తోటివారును ఒక పరీక్షను ప్రకటించిరి. ఆ మందును పెద్దమోతాదులలో నెలలతరబడి వాడిన 11 మంది రోగులకు వారెఱుగకుండ దానిని ఆపి, దానినిబోలిన వట్టిమాత్రల నిచ్చిరి. 10 మందికి బాధలు పుట్టెను. వారిలో ఇద్దఱికి మూర్ఛలు వచ్చెను. రోగులకు మందు మాఱినదని తెలియదు గనుక, ఇది మనసు పిఱికిదగుటచే కలిగినదనుటకు వీలులేదు. అయినను సామాన్యముగ వాడు చిన్నమోతాదులలో ఇట్టిది కలుగదని చాలకాలము నమ్మిరి. లండను నగరమున మాల్కమ్ లాడరును ఆయన సహచరులును 1981 ప్రాంతమున ఆ నమ్మకమును సడలించిరి. వైద్యుడు చెప్పిన మోతాదునే తప్పక వాడినవారికిని, ఆపినపుడు ఈ బాధలు కలుగవచ్చునని చూపిరి.

అంతదూరము పోనేల? మన తెలంగాణమున 2015లో జరిగినదానిని పెద్దలు చాలమంది చూచియుందురు. కొన్ని జిల్లాలలో కల్లులో అల్ప్రాజోలమును, డయాజిపామును, క్లోరల్ హైడ్రేటును కలుపు దురాచారము చిరకాలముగ నుండెను. ఆ సంవత్సరమున ప్రభుత్వము కల్తీకల్లుపై గట్టిగ దాడి చేసి అరికట్టినది. అరికట్టుట న్యాయమే. కాని ఏమి త్రాగుచున్నారో తామెఱుగని కూలినాలి జనము, ఆడువారు, ముసలివారు, ఒక్కమాఱుగ మందు అందక, మతితప్పి పలుకుచు, వణకుచు, మూర్ఛలతో నిజామాబాదు, మహబూబ్‌నగరు ఆసుపత్రులకును, హైదరాబాదులోని ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకును చేరిరి. వారిని దయ్యము పట్టినదనియు, పిచ్చి యెత్తినదనియు అనుకొన్నవారు కలరు. పట్టినది దయ్యమును కాదు, పిచ్చియు కాదు, ఎత్తివేసిన రాయి. కావున కల్లుమానిన మనుష్యుడు రెండుమూడు దినములలో వింతగ ప్రవర్తించినచో, భూతవైద్యుని యొద్దకు గాక ఆసుపత్రికి కొనిపొండు. మూర్ఛ వచ్చినచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలో ఏదియు పెట్టకుడు. తాళపుచెవులు చేతనిచ్చుటచే మూర్ఛ తగ్గదు.

ఇక విడుచు క్రమమునకు వత్తము. ఆసుపత్రినుండి ఇల్లు చేరిన రాత్రి నాకు చిన్ననాటి పాఠమొకటి జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని. మా గురువుగారు కావ్యములతోపాటు అష్టాంగహృదయములో కొన్ని అధ్యాయములు చెప్పిరి. సూత్రస్థానమున ఏడవ అధ్యాయమున వాగ్భటాచార్యుడు, అలవాటుపడిన అపథ్యమును ఎట్లు విడువవలెనో చెప్పియున్నాడు. పాదముచొప్పునగాని, పాదములో పాదముచొప్పునగాని, నడుమ ఎడమిచ్చుచు విడువవలెను. దాని స్థానమున పథ్యమును అట్లే క్రమముగ అలవఱచుకొనవలెను. తటాలున విడిచినను, తటాలున పట్టినను రోగములు పుట్టును. ఆయనకు పూర్వము చరకసంహితయందును ఇదే భావమున్నది. పిల్లవానిగ వల్లెవేసితిని; పెద్దవాడనై పొట్లమును గంగపాలు చేసినపుడు అందులో ఒక్క అక్షరమైన గుర్తురాలేదు!

పాదములో పాదమనగా పదునాఱవ వంతు. మన పాత లెక్కలలో దానికి వీసమని పేరు, రూపాయిలో అణా. నూటికి లెక్కగట్టినచో 6.25 పాళ్లు. ఇప్పుడు చిత్రము చూడుడు. 2025లో అమెరికాదేశపు వ్యసనచికిత్సా వైద్యసంఘము, ఇతర వైద్యసంఘములతో గూడి, ఈ మాత్రలను తగ్గించు విధమునుగూర్చి ఒక మార్గదర్శకమును ప్రకటించినది. అందు మొదట 2 మొదలు 4 వారములకొకమాఱు, వాడుచున్న మోతాదులో నూటికి 5 మొదలు 10 పాళ్లు మాత్రమే తగ్గింపవలెననియు, ఎంత తొందరయైనను సాధారణముగ 2 వారములలో నూటికి 25 పాళ్లను మించరాదనియు చెప్పిరి. ఇరువదియైదనగా పాదము, ఐదు పదుల నడుమనున్నది వీసము! వాగ్భటుడు ఈ మాత్రల నెఱుగడు; ఆయన చెప్పిన ఎడము దినములలో, వీరు చెప్పునది వారములలో. కావున ఆయన లెక్కతో మాత్రలు తగ్గించుకొనుడని నేను చెప్పను. అలవాటుపడిన శరీరముతో బేరమాడవలసిన తీరు మాత్రము ఇరువురికి ఒక్కటే.

వైద్యురాలు నాకు చేసిన యేర్పాటును చెప్పెదను. ఇది నా ఒక్కనికి చేసినది గాని అందఱికిని కాదు. మొదట అర మిల్లీగ్రాము అల్ప్రాజోలమును మరల ఇచ్చి, మూడు వారములు కదలక నిలిపెను. నిద్రయు చేతులును కుదుటపడినవి. పిమ్మట దాని స్థానమున, సగము సగముగ, డయాజిపామును ప్రవేశపెట్టెను. కారణమేమనగా, అల్ప్రాజోలము త్వరగ దిగిపోవు మందు. శరీరములోనిది సగము తగ్గుటకు సుమారు 11 గంటలు, ముసలివారిలో సుమారు 16 గంటలు. రాత్రి వేసికొన్నది మఱునాటి సాయంకాలమునకే సన్నగిల్లి, మందుకొఱకు ఆరాటము పుట్టును. డయాజిపామైనచో దినములతరబడి నిలిచి మెల్లగ దిగును; చిన్న చిన్న మాత్రలుగ దొరకుటచే ముక్కచేయుట సులభము. ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున హెదర్ ఆష్టన్ అను వైద్యవిదుషి 1982 మొదలు 1994 వఱకు ఈ మందులు మానదలచినవారికై చికిత్సాలయము నడిపి, 1999లో తన యనుభవమును గ్రంథముగ వెలువరించెను. ఈ మార్పిడి పద్ధతి ఆమె గ్రంథము మూలమున లోకమున వ్యాపించినది. ఆమె పట్టికలో అల్ప్రాజోలం అర మిల్లీగ్రామునకు డయాజిపాం 10 మిల్లీగ్రాములు సమానము. కాని ముసలివారి శరీరమున, కాలేయము చెడినవారి శరీరమున, డయాజిపాం మితిమీఱి కూడి మత్తు కలిగించు భయమున్నది. నాకు రక్తపరీక్షలు చేసిన పిమ్మటనే వైద్యురాలు దీనికి పూనుకొనెను. చాలమందికి వాడుచున్న మాత్రనే మెల్లగ తగ్గించుట మేలని ఆమెయే చెప్పినది.

పదినుండి తొమ్మిది, తొమ్మిదినుండి ఎనిమిది. మెట్టు మెట్టునకు మూడు నాలుగు వారములు. ఐదు వచ్చినపిమ్మట అర అర తగ్గించితిమి. బడిలో హాజరుపట్టీ వ్రాసినట్లు ఒక పుస్తకమున గీతలు గీసి, తేది, మోతాదు, నిద్రపోయిన గంటలు, ఆనాటి బాధ వ్రాయుచు వచ్చితిని. ఆ పుస్తకమే నాకు ధైర్యము. ప్రతి మెట్టు దిగిన వారమున గంటలు తగ్గుటయు, మూడవ వారమునకు మరల సర్దుకొనుటయు అందు కనబడుచుండెను. ఏడవ నెలలో మా యన్నగారు పరమపదించిరి. ఆ దుఃఖమున తగ్గింపు మోయలేనంటిని. "తగ్గింపవలదు, పెంపవలదు, ఉన్నచోటనే నిలువుడు" అని వైద్యురాలు చెప్పెను. రెండు నెలలు నిలిచితిని. మెట్టుపై నిలుచుట ఓటమి కాదని అప్పుడు తెలిసినది. తుదిమెట్లే కష్టమైనవి. ఒక మిల్లీగ్రాము, దానిలో సగము, పిమ్మట సున్న. చూచుటకు ఎంత స్వల్పము! కాని ఉన్నదానిలో సగము పోవుచున్నది గదా. అచ్చట ఐదేసి వారములు ఆగితిని. మొత్తము పదునాఱు నెలలు పట్టినది.

ఈ నడుమ ఒక సందేహము అందఱికిని కలుగును. తగ్గింపగనే కలత వచ్చినది. ఇది పాతవ్యాధియే మరల వచ్చినదా, లేక మందు విడుచు బాధయా? తగ్గించిన కొలది దినములలో వచ్చి, మునుపెన్నడు లేని తిమ్మిరులు, శబ్దము నోర్వలేమి మున్నగువానితో గూడి, అలలవలె హెచ్చుచు తగ్గుచు, వారములు గడచినకొలది సన్నగిల్లినచో అది చాలవఱకు విడుచు బాధ. మందు తగ్గించి చాలకాలమైన పిమ్మట, పాత భయములే పాత రూపముననే మెల్లగ వచ్చి తిష్ఠవేసినచో వ్యాధిని అనుమానింపవలెను. దీనిని నిర్ణయించుట వైద్యుని పని; ఆయనకు చెప్పుట మన పని. ఈ భేదము తెలియక "చూచితివా, మాత్ర లేనిదే వీడు బ్రతుకడు" అని యింటివారు నిర్ధారణ చేయుదురు. మొదటి యలకే జడిసి మరల పాతమోతాదునకు పోయినవారు ఎందఱో.

పథ్యమును అలవఱచుకొనుమన్న మాటయు మఱవరాదు. నేను మధ్యాహ్నపు నిద్ర మానితిని. సాయంకాలము కాఫీ మానితిని. ప్రతిదినము ఒకే వేళకు లేచి చెఱువుగట్టుపై నడచితిని. నిద్రరానపుడు పడకపై దొర్లక లేచి కూర్చుండి పారాయణ చేయుచుంటిని. భయపెట్టు తలపులను పట్టి పరీక్షించి దిద్దుకొను మాటలచికిత్స యొకటి నేడు వైద్యులు నేర్పుచున్నారు. మాత్రలు తగ్గించుచు దానిని జతచేసినచో ఫలము మెఱుగని చెప్పుదురు. దుఃఖమును దాచుకొనుట మానితిని. నా బావమఱదితో నా యిల్లాలినిగూర్చి మొదటిమాఱు మాటలాడినది రైలునుండి దిగిన పిమ్మటనే. ఏడేండ్లు ఆ మాత్ర ఆ మాటలకే అడ్డుగ నిలిచెనేమో.

ఇంక కొన్ని జాగ్రత్తలు. మూర్ఛవ్యాధికై క్లోనజిపాం, క్లోబజాం వంటివి వాడువారు ఈ ప్రసంగమునుబట్టి ఒక్కరవ్వయు తగ్గింపరాదు. ఇదివఱకు మూర్ఛ వచ్చినవారు, మద్యమునకు అలవాటుపడినవారు, గర్భిణులు, పెద్దమోతాదులు వాడువారు ఇంటియొద్ద తగ్గించుకొన బూనరాదు. కొందఱిని ఆసుపత్రిలో నుంచియే తగ్గింపవలెను. ఈ మాత్రలతో కల్లు సారాయములు చేర్చుట, నల్లమందు జాతికి చెందిన నొప్పిమందులు చేర్చుట, ఊపిరికే ముప్పు. తనకు పడినదని ప్రక్కింటివారికి మాత్ర యిచ్చుట ఉపకారము కాదు. 2013లో చేసిన నియమమునుబట్టి అల్ప్రాజోలము, డయాజిపాం మున్నగువానిని వైద్యుని చీటీ లేక విక్రయింపరాదు. విక్రయించిన లెక్కను వేఱు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను. దగ్గఱ మనోవైద్యుడు లేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, 2022లో మొదలైన టెలి మానస్ అను ప్రభుత్వసేవవారు ఖర్చులేకయే తెలుగున మాటలాడి దారి చూపుదురు.

పెద్దలారా, మన ఊళ్లలో ఎవడేమి మానవలెనో చెప్పువారము మనమే. "మగవాడవు కావా, పట్టుదల లేదా, ఒక్కదెబ్బతో మానలేవా?" అని మనమనిన మాటకు ప్రాణమునే పణముగ నొడ్డువారుందురు. నేనును ఆ మాటను నాకు నేనే అనుకొంటిని. ఇకమీదట అట్లనక, "ఎన్నేండ్లనుండి వాడుచున్నావు? వైద్యుడేమనెను? ఇప్పుడు ఎన్నవ మెట్టున నున్నావు?" అని యడుగుదము. ఆ మూడు ప్రశ్నలు ఒక మనుష్యుని నిలబెట్టును.

ఇప్పటికి నేను మాత్ర లేక నిద్రించుచున్నాను. ప్రతిరాత్రియు బాగుగ పట్టునని చెప్పను. అఱువదియెనిమిదేండ్లవానికి అంత ఆశ తగదు. శ్లోకములలో జాఱిన పాదములు కొన్ని తిరిగి వచ్చినవి. కాశిలో చేసిన వ్రతము పదునాఱు నెలలు ఆలస్యముగనైనను చెల్లినది. గంగమ్మ ఆ మాత్రపు గడువు ఇచ్చినదనియే నా నమ్మకము.